టూరిస్టులకు ప్రవేశం లేదు

బస్సెక్కడ పెట్టారని అడిగాడు గేటు దగ్గరి వాచ్‌మన్. వచ్చిన డ్రైవరు మొహం చూడలేదు. ఒంటి మీది నీలం చొక్కాని, జేబు మీద కుట్టిన చక్రం గుర్తుని చూశాడంతే.

"మీవాళ్ళెంతమందో గానీ ఒక్కరు కూడా లోపలికి రాకూడదు, చెప్పేస్తున్నా. ఫోటోలైతే రోడ్డు మీంచే. మొన్నెవరో పెద్దమనిషి ఆరేసిన బట్టలు కూడా ఫోటో తీసుకుపోయాడు."

"నా వెనక ఎవరూ లేరండీ. ఒక్కణ్ణే వచ్చాను."

"ఒక్కడైనా టూరిస్టు టూరిస్టే," అని బోర్డు వైపు చెయ్యి చూపించాడు వాచ్‌మన్. ఇది ఆడపిల్లల హాస్టలు, టూరిస్టులకు ప్రవేశం లేదు, విజిటర్లకు సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు మాత్రమే.

నేను విజిటర్నండీ అన్నాడు డ్రైవరు. అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని కాస్త కంగారు పడ్డాడు కూడా. ఇరవై రెండేళ్ళుగా జనాన్ని బస్సులో పోసుకుని ఈ ఊరికి తేవడం, ఈ మేడ ముందు సరిగ్గా పది నిమిషాలు ఆపడం, మీ కుడివైపు చూడండి, పాతకాలపు మేడ, పైన గడియారం, ఒక్కరోజు కూడా ఆగలేదు గానీ ఎవరెంత బాగుచేసినా ఏడు నిమిషాలు వెనకే నడుస్తుంది అని గైడు మైకులో చెప్పడం, అందరూ నవ్వి చేతి వాచీలు చూసుకోవడం, తను మాత్రం ఇంజను ఆపకుండా అద్దంలో తలకాయలు లెక్కపెట్టుకోవడం, ఇదీ ఈ మేడతో తనకున్న చుట్టరికం. లోపల మెట్లెన్నో కూడా తెలీదు. తొమ్మిది. ఇప్పుడెక్కాడు కాబట్టి తెలిసింది. ఎక్కి, వరండాలో బల్ల మీద తెరిచి పెట్టిన రిజిస్టరులో పేరు రాశాడు, ఏ పిల్ల కోసమో రాశాడు, టైము నాలుగూ నాలుగు అని రాస్తే బల్ల వెనక కూర్చున్న వార్డెనమ్మ దాన్ని కొట్టేసి మూడూ యాభై ఏడు అని దిద్దింది. ఇక్కడ టైమంటే మేడ మీది టైమేనండీ, ఇంకో మూడు నిమిషాలు ఆగాలి మీరు, అంది. ఆగాడు. డ్రైవరుకి ఆగడం ఒకరు నేర్పాలా. ఆ మూడు నిమిషాలూ కలం చివర నాలుగో గడి దగ్గరే ఆగింది. సంబంధం అని ఉందక్కడ. తండ్రి అని రాస్తే అబద్ధం, కాదని రాస్తే ఆ పిల్ల తల్లికి అన్యాయం. మారుతండ్రి అని ఒక మాట ఉంది గానీ, ఆ మారు అన్న రెండక్షరాలు చూస్తే చాలు, పెట్టుడు మీసంతో మారువేషం వేసుకున్నవాడెవడో గుర్తుకొస్తాడు. చివరికి ఒక చిన్న అడ్డగీత గీసి కలం పెట్టేశాడు.

వార్డెనమ్మ ఫైలు తీసింది. చేరిన రోజునే ప్రతి పిల్లా తనని చూడ్డానికి ఎవరెవరు రావచ్చో తన చేత్తో రాసిస్తుందట. అందులో లేనివాళ్ళు దేవుడు దిగొచ్చినా గేటు బయటేనట.

"ముగ్గురున్నారండీ ఈ అమ్మాయికి. వాళ్ళమ్మగారు, పిన్నిగారు, ఇంకొకరు. మీ పేరు లేదు." ఫైలు మూసింది. "ఇంతకీ మీరేమవుతారు?"

"వాళ్ళింట్లో ఉంటానండీ."

"అద్దెకా?"

ఛ, ఎంత మాట దొర్లింది. అయిదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, బజారు నుంచి సంచులు మోసి, గ్యాసు బండ మార్చి, కారే కొళాయికి వాషరు వేసి, అడిగితే వాళ్ళింట్లో ఉంటానని చెప్పుకునే వెర్రిబాగులవాణ్ణి తను. చెవులు వేడెక్కాయి. "వాళ్ళమ్మగారికి భర్తనండీ," అన్నాడు, అదేదో దొంగతనం ఒప్పుకున్నట్టు. వార్డెనమ్మ మొహం కాస్త మెత్తబడింది గానీ రూలు మెత్తబడలేదు. తెచ్చిందేదో ఇచ్చి వెళ్ళండి, భద్రంగా అందజేస్తాం అంది. తెచ్చింది కళ్ళద్దాలు. పాతవి మెట్ల మీద పడి పగిలాయని పిల్ల ఫోన్ చేస్తే, తల్లి రాత్రికి రాత్రి తన కళ్ళద్దాల దుకాణంలో కొత్తవి బిగించి, రేపు నేనే తీసుకెళ్తానని, తెల్లారి ఆ దుకాణం మెట్టు దిగుతూ తనే కాలు మడత పెట్టుకుంది, తల్లీ కూతుళ్ళకి మెట్లతో ఏం పగో. ఇచ్చేసి పోతే పని అయిపోతుంది. కానీ చూసి రమ్మంది ఇంటావిడ, ఇచ్చి రమ్మనలేదు. చూసి వెళ్తానండీ అన్నాడు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ గట్టిగా అడగని మనిషి రెండోసారి కూడా అదే మాట అనేసరికి వార్డెనమ్మ నిట్టూర్చి, ఆయాని పిలిచి పైకి పంపింది. ఆ అమ్మాయిని అడుగు, ఈయనెవరో ఎరుగుదునంటే దిగి రమ్మను, ఎరగనంటే సరే, అంది. ఎరగనంటే సరే. ఎంత తేలిగ్గా అనేశారమ్మా.

విజిటర్ల గదిలో రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు. ఒక బామ్మ మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీస్తోంది, ఒక తండ్రి కూతురి లెక్కల పుస్తకం తిరగేస్తూ అర్థమైనట్టు తలూపుతున్నాడు, ఇద్దరక్కచెల్లెళ్ళు ఒకే ఆపిల్‌ని వంతులేసుకుని కొరుకుతున్నారు. కూర్చోండి అంది బామ్మ పక్క కుర్చీ చూపించి. పర్లేదండీ అని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కుర్చీ అంటే ఒక బెదురు తనకి. ఎవరికైనా చెబితే నవ్వుతారు. అయిదేళ్ళ కిందట, పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, పన్నెండింటికి ఒక్క సంచీతో ఆ ఇంటి గుమ్మంలో నిలబడితే, ముక్కు మీద అద్దాలు, చేతిలో స్కేలు పట్టుకుని పదకొండేళ్ళ పిల్ల ఎదురొచ్చింది, టూరిస్టు గారూ, ఇలా రండి అని. టూరు బస్సు డ్రైవరని తల్లి చెప్పి ఉంటుంది, పిల్ల దాన్ని తనకి కావలసినట్టు కత్తిరించుకుంది. ఇది హాలు. ఇది వంటిల్లు, ఇక్కడ పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా అమ్మకి కోపం వస్తుంది, ఆ టైములో దూరంగా నిలబడాలి. ఇది నా గది, తలుపు కొట్టనిదే ప్రవేశం లేదు. ఇది మా నాన్న కుర్చీ. ఫోటో తీసుకోవచ్చు, కూర్చోకూడదు. తల్లి లోపల్నుంచి ఏయ్ అని కేకేసింది, తను నవ్వాడు, నవ్వి సరేనండీ గైడు గారూ అన్నాడు. అన్నమాట అన్నట్టే ఉన్నాడు. కేన్ అల్లిక కుర్చీ, ఎడమ చెయ్యి దగ్గర అల్లిక కొంచెం ఊడింది, చేతుల మీద పాలిష్ పోయింది, పాపం ఆ పెద్దమనిషి వేళ్ళతో తాళం వేసే అలవాటున్నవాడేమో. ఫోటో కూడా తీయలేదు తను. అది ఉన్న మూల నుంచి ఫ్యాను గాలి బాగా వస్తుంది, అయినా ఎదురుగా స్టూలు మీదే కూర్చునేవాడు. ఇంటావిడ ఒకటి రెండుసార్లు చూసింది కూడా. ఇప్పుడు దాని మీద ఉతికిన బట్టలు వేస్తోంది, మడత పెట్టేదాకా.

ఆవిడ్ని మొదట చూసింది కూడా ఇంకో కుర్చీ ఎదురుగానే, ఆవిడ దుకాణంలో. లైసెన్సు తిరగరాయించుకోవడానికి కంటి కాయితం కావాలని వెళ్తే గోడ మీది అక్షరాలు చదవమంది. ఎక్కడికెళ్ళినా అదే అట్ట కాబట్టి కళ్ళు మూసుకున్నా వస్తాయి తనకి, గడగడా చదివేశాడు. ఆవిడ లేచి అట్టని తలకిందులుగా తగిలించి, ఇప్పుడు చదవండి అంది. అప్పుడు నవ్విన నవ్వే, వారానికో వంకతో ఆ దుకాణం మెట్లెక్కించింది. అద్దాలు అక్కర్లేని కంటికి అద్దాలు కూడా కొన్నాడు. ఆవిడ తెలిసే అమ్మింది, గడుసుది. నాలుగూ పదిహేను. కాదు, మేడ మీద నాలుగూ ఎనిమిది. ఆయా ఇంకా దిగలేదు. పిల్ల ప్రాక్టికల్సులో ఉందట, వెనక బిల్డింగుకి వెళ్ళిందట ఆయా, బామ్మ ఎవరినో అడిగి చెప్పింది.

ఆ మూడో మనిషి ఎవరు? అడగకుండానే వచ్చి కూర్చుంది ఆ ప్రశ్న. బాబాయి అయి ఉంటాడు, చచ్చిపోయినాయన తమ్ముడు. మంచివాడే. ఏడాదికి రెండుసార్లు దిగుతాడు, చేతినిండా సామాన్లతో, వస్తూనే ఆ కుర్చీలో కూలబడి, అబ్బ, అన్నయ్య కుర్చీ అంటాడు, పిల్ల ఒక్క మాట అనదు. అనకూడదు కూడా, రక్తసంబంధం. రాయడంలో తప్పేముంది, తనే ఆ పిల్ల చోట ఉంటే బాబాయి పేరే రాసేవాడు. అలా తనకి తను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాడు గానీ చేతిలో అద్దాల పెట్టె చెమటకి తడిసింది. చొక్కాకి తుడిచాడు.

అసలు టూరిస్టుకీ విజిటరుకీ తేడా ఏమిటని ఇరవై రెండేళ్ళలో తనకి చెప్పింది గైడు కాదు, బస్సులో మూడో సీటులో కూర్చునే ఒక ముసలమ్మ. ఏటా ఎండలు తగ్గగానే టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేది. మిగతావాళ్ళు కొండ చూశారా, జలపాతం చూశారా, ఇక్కడ ఇంకేమున్నాయి అని గైడు ప్రాణం తోడేస్తుంటే ఈవిడ కునుకు తీసేది, సరిగ్గా దారిలో ఒక చిన్న సందు రాగానే లేచి, బాబూ ఇక్కడాపు అనేది. గంటలో మళ్ళీ ఇటే వస్తాంగా, అప్పుడెక్కుతా. ఆపకూడదు, కంపెనీ రూలు. ఆపేవాడు. ఒకసారి అడిగాడు, ఆ సందులో చూడ్డానికి ఏముందమ్మా అని. నా మొహం, చూడ్డానికేముంటుంది, పెంకులు ఊడిన ఇల్లూ దాన్లో నాతో చదువుకున్న ముసిల్దీనూ, నేను టూరిస్టుని కాదు నాయనా, తలుపు తీసి ఎలా ఉన్నావే అనడానికి నాకక్కడ మనిషి ఉంది, అంది. ఒక ఏడు ఆ సందు దగ్గర ఆపితే ఆవిడ దిగలేదు. కిటికీలోంచి చూసింది, పద బాబూ అంది. ఆ ఏడు మాత్రం జలపాతం దగ్గర అందరితో పాటు దిగి, నీళ్ళు బాగా పడుతున్నాయి అని చెప్పింది తనతో. తర్వాత రాలేదు. అంటే విజిటరన్నది మనం అయ్యేది కాదన్నమాట, లోపలున్నవాళ్ళు చెయ్యాలి. తొమ్మిది మెట్లెక్కి, రిజిస్టరులో సంతకం పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డవాడు ఇంకా ఏమీ కాలేదు. తలుపు తియ్యాలి కదా ఎవరో.

తియ్యదనీ కాదు. పిల్ల చెడ్డదా, వెన్న. నోరొక్కటే ఉప్పూ కారం. ఒకసారి బస్సు కడిగించడానికి షెడ్డుకి తీసుకెళ్తుంటే నేనూ వస్తానని ఎక్కి, గైడు సీట్లో కూర్చుని మైకు లాక్కుంది. నలభై రెండు ఖాళీ సీట్లకి చెప్పుకుంటూ వచ్చింది దారంతా. మీ ఎడమవైపు మా బడి, అక్కడ నన్ను రెండుసార్లు బయట నిలబెట్టారు, ఒకసారి నా తప్పు లేదు. మీ కుడివైపు అమ్మ దుకాణం, లోకంలో అందరికీ చూపు ఇస్తుంది గానీ నేను అడిగిన రంగు ఫ్రేము ఇవ్వదు. మన డ్రైవరు గారు చాలా జాగ్రత్తపరులు, గుంత కనిపిస్తే దణ్ణం పెట్టి దాటిస్తారు, కానీ ఈయనకి నవ్వడం రాదు, ప్రయాణికులు గమనించగలరు. నవ్వాడు అప్పుడు, గట్టిగా, స్టీరింగు మీద చెయ్యి వేసి మరీ. మన డ్రైవరు గారు అంది. మన. ఆ మాట ఇంటికి తెచ్చుకుని వారం రోజులు దాచుకున్నాడు తను. తర్వాత తెలివొచ్చింది, బస్సులో ఎవరైనా డ్రైవర్ని మన డ్రైవరనే అంటారు, అది పద్ధతి, అందులో తన గొప్పేముంది.

అసలు మాట హాస్టలుకి బయల్దేరిన రోజు అంది. తనకి డ్యూటీ, తల్లీ పిన్నీ దింపడానికి రైల్లో వెళ్తున్నారు, గుమ్మంలో ముగ్గురూ ఏడవడానికి సిద్ధంగా ఉన్నారు. తను పెట్టె ఆటోలో పెట్టి వచ్చి నిలబడితే, పిల్ల అద్దాలు పైకి తోసుకుని, టూరిస్టు గారూ, మా ఇల్లు జాగ్రత్త, అని ఎక్కేసింది. మా ఇల్లు. ఎంతపాటి మాట, ఒక్క అక్షరం. మన అంటే నువ్వూ నేనూ కలిసి. మా అంటే నువ్వు తప్ప మేమంతా. ఇది ఏ బళ్ళోనూ ఎవరూ నేర్పరు, తెలుగు చెవి పెట్టుకు పుట్టినవాడికి తగలాల్సిన చోట తగులుతుంది. ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, లోపలికొచ్చి, వాళ్ళిల్లు తలుపేశాడు. ఆ పూట డ్యూటీలో జీవితంలో మొదటిసారి ఒక తలకాయ తక్కువ లెక్కపెట్టి బయల్దేరదీశాడు బస్సుని. రెండు వీధులు దాటాక ఒక పెద్దాయన పరిగెత్తుకొస్తూ అద్దంలో కనిపించాడు. ఆయన తిట్టిన తిట్లు పాపం ఎంతో హాయిగా అనిపించాయి, కనీసం తననే కదా తిట్టాడు.

ఆరు నెలలైంది. ఫోన్లో తల్లితో అరగంట మాట్లాడి చివర్న, ఆయన బాగున్నారా అంటుంది, బాగున్నారే అంటుంది తల్లి, తను స్టూలు మీద కూర్చుని వింటూ ఉంటాడు. నాలుగూ యాభై. మేడ మీద నాలుగూ నలభై మూడు. బామ్మ చిక్కంతా తీసి జడ వేసేసింది, ఆపిల్ అయిపోయింది. ఎరగనని అనదు, అంత మాట అనదు. క్లాసు ఉందని చెప్పు, ఆ డబ్బా ఏదో తీసుకో, అంటుంది. అంటే ఇంటావిడకేం చెప్పాలి? పిల్ల బాగుంది, బొద్దుగా అయింది, నిన్ను అడిగింది అని చెప్పాలి. అబద్ధం చెప్పడం రాదు తనకి, ఆవిడ అట్ట తిరగేసి చదవమంటుంది మళ్ళీ. వెళ్ళిపోతే నయమేమో, రైలు ఉంది అయిదున్నరకి. ఒక అడుగు తలుపు వైపు వేశాడు కూడా. వేశాడు గానీ ఆ ముసలమ్మ కిటికీలోంచి సందు వైపు చూసిన చూపు అడ్డమొచ్చింది. ఆవిడకైతే తలుపు తీసే మనిషే లేకపోయింది. తన మనిషి వెనక బిల్డింగులోనే ఉంది, పది గదుల అవతల, కళ్ళజోడు లేక తడుముకుంటూ. తీస్తుందో తియ్యదో, నిలబడితే కదా తెలిసేది. వెనక్కొచ్చాడు.

అప్పుడొచ్చింది వార్డెనమ్మ, ఫైలు గుండెలకి ఆనించుకుని, పెదాలు బిగబట్టి.

"ఏమండీ, మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

గదిలో అందరూ ఇటే చూస్తున్నారు. బామ్మ దువ్వెన పైకెత్తి అలాగే ఉండిపోయింది. అతను గొంతు సవరించుకున్నాడు. "టూరిస్టు అంటారండీ."

ఘొల్లుమన్నారు. వార్డెనమ్మ కూడా ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. "అదీ సంగతి! ఆ పిల్ల టూరిస్టు గారా అందని ఆయా చెబితేనే నాకు తట్టింది. రాసినప్పుడే అడిగానండీ ఈ పిల్లని, ఇది పేరేంటమ్మా అని. అదే పేరు మేడం, అందరికీ తెలుసు అంది. నేనేమో ఏ దేశం పేరో అనుకున్నాను. మా బోర్డు ప్రకారం అయితే మిమ్మల్ని అసలు రానివ్వకూడదు, చూసుకోండి మరి!" అని ఫైలు తెరిచి అతని ముందు పెట్టింది. గుండ్రటి చేతిరాత. ఒకటి, తల్లి. రెండు, పిన్ని. మూడు, టూరిస్టు గారు. ఎదురుగా గడిలో, సంబంధం అన్నచోట, మా ఇంటి మనిషి.

అక్షరాలు చదవడంలో ఏనాడూ తప్పనివాడు ఆ మూడు ముక్కల్నీ రెండుసార్లు చదువుకున్నాడు. తేదీ చూశాడు. అదే రోజు. పొద్దున గుమ్మంలో మా ఇల్లు జాగ్రత్త అని, మధ్యాహ్నం ఇక్కడ బల్ల మీద ఇది రాసింది. అదే మా. అక్షరం కూడా మారలేదు. కానీ ఇది వార్డెనమ్మకి రాసింది కదా, ఈవిడకి చెబుతోంది, మీరు తప్ప మేమంతా అని, ఆ మేములో అమ్మ ఉంది, పిల్ల ఉంది, ఇదిగో, నీలం చొక్కా వేసుకుని తనూ ఉన్నాడు. ఆరు నెలలుగా ఉన్నాడు, తెలీక బయట నిలబడ్డాడు. పొద్దున అన్నది కూడా అదేనేమో మరి, ఇల్లు అప్పజెప్పి వెళ్ళేటప్పుడు ఎవరితో అంటాం ఆ మాట, దారిన పోయేవాడితో అంటామా. కళ్ళు మండాయి. ఆ కాస్త సంతోషాన్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అద్దాల పెట్టె మళ్ళీ తుడిచాడు.

వరండాలో చెప్పుల చప్పుడు టపటపా దగ్గరైంది. పిల్ల గుమ్మంలో ఆగి, కళ్ళు చికిలించి గదంతా వెతికి, నీలం కనిపించిన వైపు దాదాపు పరిగెత్తుకొచ్చింది. "అమ్మకేమైంది? మీరొక్కరే వచ్చారేం?"

"ఏమీ కాలేదు, కాలు బెణికింది. రెండ్రోజుల్లో నడుస్తుంది. మెట్టుదే తప్పట."

"ఆవిడ తప్పు ఎప్పుడుంది గనక!" ఊపిరి పీల్చుకుని, పెట్టె లాక్కుని, అద్దాలు పెట్టుకుంది. అడిగిన రంగు ఫ్రేము. ఒకసారి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "జుట్టు తెల్లబడిపోయిందేంటి ఆ చెవుల దగ్గర? ఎంతసేపట్నుంచి నిలబడ్డారు? కూర్చోండి, బస్సు కదిలిపోతున్నట్టు నిలబడే మాట్లాడతారా?"

ప్లాస్టిక్ కుర్చీయే. అయినా చెయ్యి కుర్చీ అంచుని తాకి ఆగింది. "కూర్చోవచ్చా?"

కొత్త అద్దాల వెనక పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత ముక్కు ఎర్రబడింది. "ఇంకా అదే పట్టుకు వేలాడుతున్నారా? అప్పుడు నాకు పదకొండేళ్ళండీ బాబూ! ఏదో అన్నాను, అయిదేళ్ళు కూర్చోకుండా ఉంటారా ఎవరైనా? నేనే చెబుదామనుకుని, ఎలా చెప్పాలో తెలీక..." చెయ్యి పట్టుకుని కిందకి లాగింది. "అమ్మ దాని మీద బట్టలు వేస్తోందట, ఫోన్లో చెప్పింది. నాన్న చూస్తే ఊరుకుంటాడా? వెళ్ళగానే ఆ బట్టలు తీసేసి మీరు కూర్చోండి. ఎడమ పక్క అల్లిక గుచ్చుకుంటుంది, కుడివైపుకి ఒరగాలి. నాన్న అలాగే ఒరిగేవాడు."

కూర్చున్నాడు. కుడివైపుకి కాస్త ఒరిగి కూర్చున్నాడు, ఇక్కడ గుచ్చుకునేదేమీ లేకపోయినా. పిల్ల పక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని కాళ్ళు పైకి ముడుచుకుంది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి. ఎలా ఉన్నారు?"

అతని వాచీలో అయిదైంది. మేడ మీద గడియారంలో ఇంకా ఏడు నిమిషాలుంది. వాచీని చొక్కా చేతి కిందికి తోసేసి, చెప్పడం మొదలుపెట్టాడు.